యాది, యాదాస్తు

కొత్తవాడ జంపఖానాల సంఘంల
నలభై ఒక్క ఏండ్ల రిజిస్టర్లు టైపు కొట్టించి
నా ముందట పెట్టిండ్రు.
"మాట అడిగితే పేజీ చూపియ్యాలె బిడ్డా, గంతే"
అన్నడు గుమస్తా మార్కండేయులు.
గంతే.

మొదటి దినం తెలుగున్న కాడల్లా
ప్రశ్న గుర్తులే. కొడవళ్లు ఆరబెట్టినట్టు
వరుసకు వరుస.
ఏ లిపిల చదవాల్నో నేను చెప్పలే,
జావా తనకు అలవాటైన లిపిల చదువుకున్నది.
యూటీఎఫ్ ఎనిమిది అని ఒక్క మాట చేర్చిన.
కొడవళ్లు వంగి వంగి అక్షరాలయినయి.

రెండో దినం షత్రంజీ అని అడిగితే సున్న.
పేజీ నిండ అదే ఉంది, నా కండ్ల ముందటనే.
మూడు గంటలు తండ్లాడితే తెలిసింది,
టైపు చేసిన పిల్ల మిషనుది ఏదో పాత సాఫ్ట్‌వేరు,
మాట తోకకు కనబడని గుర్తొకటి తగిలించి వదిలింది.
వెడల్పు లేదు, రంగు లేదు,
ఉన్నదని మాత్రం లెక్కల ఉంది.
మా అవ్వ నూలు కండెలు చుట్టేటప్పుడు
కన్ను వీధిల ఉండేది, ముడి వేలికి తగిలేది.
నేనూ అట్లనే చేసిన,
అక్షరాలను అంకెలు చేసి ఒక్కొక్కటే తడిమిన.

ఇగ సూచికను యాడ దాయాలె?
డేటాబేసుల పెడితే
కొత్తగొచ్చిన పోస్టుమాను లెక్క
ప్రతి తలుపూ కొట్టుకుంట పోతది.
డిస్కేమో పాతది, కిర్రుమంటది.
"ర్యాంల పెట్టక్కా, మెరుపే" అన్నడు
కింద బ్యాటరీల దుకాణం నఫీజ్.
పెట్టిన. నిజంగనే మెరుపు.
పదకొండు వేల పేజీలు పొద్దుగూకేసరికి మింగింది.
ఆ రాత్రి వాన. నాలా నీళ్లు మెట్ల దాకా.
కరెంటు పోయింది.
వచ్చినంక ఏదడిగినా సున్న, సున్న.
అప్పుడే పుట్టినదాని లెక్క.

మార్కండేయులు బీరువల వేపాకు మార్చుకుంట
ఇటు తిరగకుండనే అన్నడు:
"యాదిల పెట్టింది యాదితోనే పోతది.
అందుకే దఫ్తర్లల్ల యాదాస్తు అని రాస్తుండె."

నాకు కోపమొచ్చింది. రైటే గనక.

డిస్కు మీద మొదలుపెట్టిన, మల్ల మొదటి నుంచి.
నడుమల మల్ల కరెంటు. ఈసారి పేజీలున్నయి,
తాళం గూడ ఉంది.
ఎవలో రాస్తున్నరు, ఆగు అంటది.
ఎవలు?
రాసేటోడు కరెంటుతోనే సచ్చిపోయిండు,
తాళం ఫైలు ఒక్కటే కాపలా కూసున్నది.
ఎవలూ లేరని మూడుసార్లు చూసుకొని
తీసేసిన. చెయ్యి వణికింది.

నెలాఖరుకు అన్నడు, మెల్లగ,
"మా నాయన పేరు కొట్టు. చిలువేరు సాంబయ్య."
దొరకలే.
ఒక్క అక్షరం అటిటైనా సరేనని సడలిచ్చిన.
డెబ్బై నాలుగు, ఆషాఢం:
చి. శాంబయ్య. రంగు కడవ పగులగొట్టినందుకు
కూలి కోత రూపాయి పావలా.

అద్దాలు తీసిండు, తుడువలే.
"దీన్ని చెరిపేస్తే?"
చెరిపితే పోదు పెద్దయ్యా,
పోయిందని పక్కన గుర్తు పెడతది, అంతే.
ముక్కలన్నీ కలిపి కొత్తగ కట్టేదాకా లోపలనే ఉంటది.
"అయితే ఉండనీ."

కొంచెం సేపైనంక,
"కోసినోని పేరు గూడ దొరుకుతదా?"

రిజిస్టరు తెరిచి చూసినం.
కింద సంతకముంది, నీలం సిరా,
పాము తోక లెక్క గుండ్రంగ తిరిగి ఆగింది.
టైపు పిల్ల దాన్ని వదిలేసింది.
చదవరాదు గద.